‘ప్రజల్లో మార్పు రావాలి’ దగ్గరే ఆగిపోతున్న విద్యార్థుల ప్రాజెక్టులు: ఏం చేయాలి?

మేడం, మీ ప్రశ్న సారాంశం ఇది. హైదరాబాద్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల చేత ‘మా నగరం – పౌర జీవనం, సామాజిక సమస్యలు’ అనే ప్రాజెక్టు రాయిస్తున్నారు. గత ఏడాది వచ్చినవన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి: చెత్త, ట్రాఫిక్, కాలుష్యం మీద తలా ఒక పేరా, చివర ‘ప్రజల్లో మార్పు రావాలి’ అనే ముగింపు. ఈసారి పిల్లలు సొంతంగా ఆలోచించి రాయాలంటే ఏం చేయాలని అడిగారు.

చాలా ఏళ్ళుగా విద్యార్థుల చేత ఇదే పని చేయిస్తున్నవాడిగా ముందు ఒక మాట చెబుతాను. లోపం పిల్లల్లో లేదు, మనం ఇచ్చే అంశంలో ఉంది. ‘నగర సమస్యలు’ అని ఇస్తే బడిలో వ్యాసరచన పోటీకి రాసిందే మళ్ళీ రాస్తారు. అందులో ఏ వీధి పేరూ ఉండదు, ఏ శాఖ పేరూ ఉండదు. తప్పంతా ‘ప్రజలు’ అనే ముఖం లేని గుంపు మీదకు పోతుంది. ఆ గుంపులో రాసేవాళ్ళు ఉండరు, వాళ్ళ ఇల్లు ఉండదు, ప్రభుత్వం అంతకన్నా ఉండదు. నిజానికి నగరంలో కనిపించే ప్రతి ఇబ్బంది వెనకా దాన్ని చూసుకోవాల్సిన ఒక శాఖ ఉంటుంది, ఒక చట్టం ఉంటుంది, కేటాయించిన డబ్బు ఉంటుంది, ఆ పని రోజూ చేసే మనిషి ఉంటాడు. ఈ నాలుగింటినీ వెతికి పట్టుకు రమ్మనండి. మీరు ఆశించే ఆలోచన ఆ వెతుకులాటలోనే పుడుతుంది.

మొదట అంశాన్ని బాగా చిన్నది చేయాలి. 2011 జనాభా లెక్కల నాటికే హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) పరిధిలో 67 లక్షలకు పైగా జనం ఉన్నారు. అంత నగరం గురించి రాయమంటే పద్దెనిమిదేళ్ళ పిల్లలకు పత్రికల్లో చదివిన వాక్యాలు తప్ప వేరే దారి లేదు. ‘ఇంటి నుంచి కళాశాలకు వచ్చే దారిలో నిన్ను రోజూ ఇబ్బంది పెట్టే ఒక్క చోటు చెప్పు’ అని అడగండి. ఒక అమ్మాయి తను బస్సు ఎక్కే స్టాపు గురించి చెబుతుంది. ఒక అబ్బాయి నాలా మీది వంతెన అంటాడు. ఇంకొకరి సందులో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ తెల్లవారకముందే. ఆ ఒక్క చోటు చాలు, సెమిస్టరంతా దానిమీదే నడవాలి.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక జట్టు అనుభవం చెబుతాను. బస్తీ పక్కన పారే నాలా గురించి వాళ్ళు మొదటి ముసాయిదాలో ‘బస్తీవాసులకు పరిశుభ్రత తెలియదు, చెత్తంతా నాలాలో పారేస్తున్నారు’ అని రాసుకొచ్చారు. నేను దాన్ని కొట్టేయలేదు, తప్పని కూడా అనలేదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ సందు మొదట్లో నిలబడి, ఎవరు ఏ వేళకు బయటికి వెళ్తున్నారో రాసుకు రమ్మన్నాను. వాళ్ళు తెచ్చిన కాగితంలో ఉన్నది ఇది. ఆరున్నరకల్లా ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు సందు దాటిపోయారు. ఏడింటికి అడ్డా మీదికి వెళ్ళే కూలీలు వెళ్ళిపోయారు. చెత్త ఆటో ఎనిమిదిన్నర దాటాక వచ్చింది. సందులో అది పట్టదు కాబట్టి పెద్ద రోడ్డు మీదే కాసేపు ఆగి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలిన ముసలమ్మ బకెట్టు మోసుకుంటూ అంత దూరం నడవలేదు. ఉన్నది ఒకే గది, వంటా పడకా అందులోనే. రేపటిదాకా చెత్త దాచుకునే చోటు లేదు. నాలా మాత్రం గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఉంది.

ఆ తరువాత వాళ్ళను చట్టం చదవమన్నాను. అప్పటికి అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, హానికర చెత్తను వేరు చేసి ఇవ్వాలని ఇంటివాళ్ళకు చెబుతూనే, మురికివాడలతో సహా ప్రతి ఇంటి నుంచీ దాన్ని సేకరించే బాధ్యతను స్థానిక సంస్థ మీద పెట్టాయి. మనందరికీ మొదటి సగమే గుర్తుంటుంది, ఎందుకంటే గోడల మీద రాసేది అదే. రెండో సగం చదివాక ఆ పిల్లల రాత మారిపోయింది. ఆటో వేళ ముందుకు జరపాలని, సందు లోపలికి తోపుడు బండి పంపాలని అడిగారు. బస్తీవాళ్ళను వెనకేసుకు రావడం కోసం రాసింది కాదు అది. మూడు గంటలు నిలబడి చూసినదాన్ని చట్టం పక్కన పెట్టి రాసింది. వీలుంటే ఇలాంటి జట్టును ఇంకొక అడుగు ముందుకు పంపండి: ఆటోలో పడ్డ చెత్త ఆ తరువాత ఎక్కడికి పోతుంది? నగర చెత్తంతా చేరే జవహర్‌నగర్ చెత్త గుట్ట చుట్టూ బతికేవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ వాసనతో, పాడైన భూగర్భ జలంతో ఎందుకు పోరాడుతున్నారు? మన వీధి శుభ్రంగా ఉందంటే ఆ చెత్త ఇంకొకరి వీధికి చేరిందేమో చూడాలి కదా.

శాఖల సంగతికి వస్తే, పిల్లలు ఇక్కడే తికమకపడతారు, పడనివ్వండి. మనలో చాలామందికి కూడా తెలియదు. 2007 ఏప్రిల్‌లో పాత నగర పాలక సంస్థలో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను, కొన్ని గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు. నీళ్ళు, మురుగు కాలువలు 1989లో పుట్టిన జలమండలివి. భూవినియోగ ప్రణాళిక 2008లో వచ్చిన మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది. చెరువుల ఆక్రమణలు, విపత్తుల కోసం 2024లో హైడ్రా వచ్చింది. కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది, కూడలిలో నియంత్రణ ట్రాఫిక్ పోలీసులది. బస్సు ఆర్టీసీది, కానీ ప్రయాణికులు నిలబడే షెల్టరు జీహెచ్‌ఎంసీ కట్టించేది. షెల్టరు ఒకచోట, బస్సు ఆగేది ఇంకొకచోట ఎందుకుంటుందో ఈ ఒక్క విషయంతో పిల్లలకు సగం అర్థమవుతుంది. రోడ్డు మీద నిలిచినది వాననీరా, మురుగా అన్నదాన్ని బట్టి ఫిర్యాదు వెళ్ళాల్సిన కార్యాలయం మారుతుంది. రెండూ కలిసిపోతే పౌరుడు రెండు కార్యాలయాల మధ్య తిరుగుతాడు. తాము ఎంచుకున్న చోటుకు బొమ్మ గీసి, అందులో కనిపించే ప్రతి వస్తువు పక్కన దాని యజమాని ఎవరో రాయమనండి. ఆ బొమ్మ పది పేజీల వ్యాసం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

కనీసం ఒక జట్టుకైనా మూసీని ఇవ్వండి. ఈ నగరం గురించి ఆలోచించడానికి అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ విషాదం తరువాత పాలకులు ప్రజలకు నీతులు చెప్పి ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగా ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసా మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు 1920లలో పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను అడ్డుకుంటూ 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో వచ్చింది. ఎత్తివేయడం సరైందా కాదా అని మీరు చెప్పకండి. ఆ ఆంక్షల కింద ఉన్న 84 గ్రామాల రైతుకు పావు శతాబ్దం పాటు తన భూమికి ధర రాలేదు. దిగువన ఉన్న నగరానికి ఆ భూమే రక్షణగా నిలిచింది. ఈ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి పిల్లలను వాదించుకోనివ్వండి.

నదిలో ఇప్పుడు పారుతున్నదాని గురించి అడిగితే చాలామంది ‘జనం చెత్త వేస్తున్నారు’ అంటారు. అది కొంతవరకే నిజం. వేసవిలో నగరం మధ్య మూసీలో కనిపించే నీరు ప్రధానంగా మన ఇళ్ళ నుంచి, అపార్టుమెంట్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే మురుగే. పారిశ్రామిక వ్యర్థాలు దానికి అదనం. నాలా పక్క గుడిసె కంటికి కనిపిస్తుంది, పన్నెండో అంతస్తులోని స్నానాల గది కనిపించదు. అందుకే నింద ఎప్పుడూ మొదటిదాని మీద పడుతుంది. ఆ నీరు నగరం దాటాక ఏమవుతుందో కూడా చూడాలి. దిగువ గ్రామాల్లో దానితోనే గడ్డి పెంచుతారు, వరి పండిస్తారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు మళ్ళీ నగరానికే వస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. 2024లో నదీగర్భంలోని ఇళ్ళను సర్వే చేసి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. ఆ ఇళ్ళ పిల్లలు మీ తరగతిలోనే ఉండవచ్చు. ‘ఆక్రమణదారులు’ అనే మాట తరగతిలో పడే ముందు, ఆ ఇంటికి కరెంటు మీటరు ఎవరు ఇచ్చారో, ఇంటి పన్ను ఎవరు కట్టించుకున్నారో అడిగించండి.

వర్షాలకు మునిగే కాలనీలు ఎంచుకున్న జట్టుకు రెండు తేదీలు ఇవ్వండి: 2000 ఆగస్టు 24, 2020 అక్టోబరు 13. మొదటిసారి బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. రెండోసారి ఆ రోజుల్లో కురిసిన వానలకు చెరువులు నిండి, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగాయి. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరే గొలుసు ఇది. ఆ గొలుసులో ఏ కాలువ మీద ఏం లేచిందో పాత పటాన్నీ కొత్త ఉపగ్రహ చిత్రాన్నీ పోల్చి చూస్తే తెలుస్తుంది. ఈ పని పిల్లలు ఫోనులోనే చేయగలరు.

వీధి వ్యాపారుల విషయంలో ప్రతి ఏటా ఒకే వాక్యం వస్తుంది: ‘ఫుట్‌పాత్‌లను ఆక్రమించారు.’ టేపు ఇచ్చి పంపండి. ఫుట్‌పాత్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఎంత తిన్నది, దుకాణం మెట్లు ఎంత, నిలిపి ఉంచిన బైకులు ఎంత, బండ్లు ఎంత అని కొలిచి రమ్మనండి. తరువాత 2014 వీధి వ్యాపారుల చట్టం చదివించండి. ప్రతి నగరంలో పట్టణ వ్యాపార కమిటీ ఉండాలని, అందులో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదని, సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని ఆ చట్టం చెబుతుంది. నడవడానికి చోటు కావాలన్న పాదచారి హక్కు, బతుకుదెరువు కావాలన్న వ్యాపారి హక్కు రెండూ నిజమైనవే. చక్రాల కుర్చీలో వెళ్ళే మనిషికి మొదటిది ఇంకా ఎక్కువ నిజం. ఈ రెండింటి మధ్య ఎవరు ఎలా సర్దుబాటు చేయాలన్నదే పౌరశాస్త్రం.

ఇప్పుడు చాలామంది అధ్యాపకులు దాటవేసే విషయం. మ్యాన్‌హోల్‌లోకి ఎవరు దిగుతున్నారు? రోడ్డు ఊడ్చే కార్మికుల్లో ఆడవాళ్ళు ఎందుకంత ఎక్కువ, వాళ్ళు ఏయే కులాల నుంచి వచ్చారు? ఇది అడగకుండా పారిశుద్ధ్యం గురించి రాసిన వ్యాసం నాకు అసంపూర్ణమే. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా ఈ దేశం చట్టాలు చేసింది. రెండో చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడం నేరం. అలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. పెంచాల్సి వచ్చిందంటేనే మరణాలు ఆగలేదని అర్థం. హైదరాబాద్‌లో ఇరుకు సందుల్లోకి వెళ్ళగలిగే చిన్న జెట్టింగ్ యంత్రాలు (నీటి ఒత్తిడితో మురుగు అడ్డంకులు తీసేవి) వచ్చాయి. అది మంచి మార్పు. కానీ అపార్టుమెంట్ల వాళ్ళు, హోటళ్ళు ప్రైవేటుగా పిలిపించుకునే మనుషుల సంగతి ఏమిటి? పిల్లలు తమ సొంత అపార్టుమెంటు సంఘం దగ్గర ఈ ప్రశ్న మొదలుపెట్టవచ్చు. అయితే కార్మికురాలి ఎదుట నిలబడి ‘మీ కులం ఏమిటి’ అని ఎవరూ అడగకూడదు. పని వేళలు, జీతం ఏ తేదీన పడుతుంది, చేతి తొడుగులు ఎన్ని నెలలకు ఇస్తారు, దాహం వేస్తే ఎక్కడ తాగుతారు, మూత్రానికి ఎక్కడికి వెళ్తారు అని అడగమనండి. మిగతాది ఆమెకు చెప్పాలనిపిస్తే ఆమే చెబుతుంది.

మీ తరగతిలో అమ్మాయిల, అబ్బాయిల నగరాలు ఒకటి కావు. సాయంత్రం ఏడు తరువాత నువ్వు ఒంటరిగా వెళ్ళే చోట్లు, వెళ్ళని చోట్లు పటం మీద గుర్తించమని ఇద్దరికీ విడివిడిగా ఇవ్వండి. రెండు పటాలూ గోడ మీద పక్కపక్కన పెట్టాక ఉపన్యాసం అవసరం ఉండదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దానివల్ల మీ అమ్మాయిల్లో ఎవరైనా కొత్తగా ఎక్కడికైనా వెళ్ళగలిగారా, బస్సులో నిలబడే చోటు ఉంటోందా, ఆటో డ్రైవరు తండ్రి ఆదాయం ఏమైంది? ఒకే ఇంట్లో ఈ మూడింటికీ మూడు జవాబులు రావచ్చు.

సమాచార హక్కు దరఖాస్తు మొదటి వారంలోనే వేయించండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంది, సెమిస్టరు చివర్లో వేస్తే ప్రయోజనం లేదు. రుసుము పది రూపాయలు. తెలుగులోనే రాయవచ్చు. తప్పు శాఖకు పంపినా, సరైన శాఖకు ఐదు రోజుల్లో బదిలీ చేయాలని 2005 చట్టమే చెబుతుంది.  ‘మా కాలనీకి ఏం చేశారు’ లాంటి ప్రశ్నలకు ఏమీ రాదు. ఫలానా వార్డులో ఫలానా ఆర్థిక సంవత్సరంలో నాలా పూడికతీతకు మంజూరైన మొత్తం, గుత్తేదారు పేరు, పని పూర్తయిన తేదీ, కొలతల పుస్తకం నకలు అని అడగాలి. జవాబు రాకపోతే రాలేదన్నదే ప్రాజెక్టులో ఒక అధ్యాయం. అప్పీలు ఎలా వేయాలో కూడా నేర్చుకుంటారు.

ఓటు సంగతి కూడా కలపండి. 2020 డిసెంబరులో 150 వార్డులకు జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగితే 46 శాతం పైచిలుకే ఓట్లు పడ్డాయి. దీన్ని బద్ధకం అని తేల్చేయడం సులువు. ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, కార్పొరేటరు ఏం చేయగలరనుకుంటున్నారో అడిగితే అసలు కారణం కొంత బయటపడుతుంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చి, పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 విధులను 12వ షెడ్యూలులో రాసింది. వాటిలో నీటి సరఫరా, పట్టణ ప్రణాళిక వంటివి మన నగరంలో ఎన్నికైన సభ చేతిలో కాకుండా వేరే సంస్థల చేతిలో ఉన్నాయి. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణ చెబుతుంది. మీ వార్డులో అది ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని కనుక్కోవడమే ఒక జట్టుకు సరిపడా పని.

బయటికి పంపేటప్పుడు ఇద్దరిద్దరిగా పంపండి. కళాశాల లేఖ చేతిలో ఉండాలి. అనుమతి లేకుండా ముఖాలు ఫొటో తీయకూడదు, నివేదికలో పేర్లు రాయకూడదు. బస్తీ నుంచి వచ్చే విద్యార్థిని తన ఇంటి గురించే రాయమని ఒత్తిడి చేయకండి. ఇష్టపడి రాస్తే మాత్రం దానికన్నా విలువైన వ్యాసం తరగతిలో ఇంకొకటి రాదు.

మార్కుల విషయంలో నా పద్ధతి చెబుతాను. పరిష్కారం గొప్పగా రాసినందుకు నేను మార్కులు వేయను. మొదటి ముసాయిదాలో ఏం అనుకున్నారు, చివరికి ఏం తెలుసుకున్నారు, ఏ మాట మార్చుకున్నారు అన్నది ఒక పేజీలో రాయమంటాను. ఎక్కువ మార్కులు ఆ పేజీకే. అంతర్జాలం నుంచి దింపి అతికించినవాళ్ళు అక్కడ దొరికిపోతారు. ‘నా అభిప్రాయం మారలేదు’ అని కారణాలతో రాసినవాళ్ళకు కూడా పూర్తి మార్కులే వేయండి. పిల్లలు మన అభిప్రాయాన్ని కనిపెట్టి రాయడం మొదలుపెడితే ఈ శ్రమంతా వృథా.

ప్రాజెక్టులు పూర్తయ్యాక అల్మారాలో పెట్టి తాళం వేయకండి. ప్రతి జట్టూ తాము చూసినదాన్ని తెలుగులో రెండు పేజీలకు కుదించి, ఒక ప్రతి వార్డు కార్యాలయంలో, ఇంకొక ప్రతి తాము మాట్లాడిన మనుషుల చేతికి ఇవ్వాలి. పాతబస్తీ జట్లు ఉర్దూలో కూడా ఒక ప్రతి సిద్ధం చేస్తే మంచిది. సోమవారం ప్రజావాణిలో ఇస్తే అర్జీకి నంబరు ఇస్తారు. ఆ నంబరును వచ్చే ఏడాది పిల్లలకు అప్పగించండి, వాళ్ళ ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.